నాన్నగారి పుస్తకాలు, కేసెట్లు దాచుకోవాలా? నెలనెలా చందా కడితే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. గుంటూరులో ఇల్లు అమ్ముతున్నారు, నాన్నగారిని హైదరాబాదులో మీ రెండు పడకగదుల ఫ్లాటుకు తీసుకువెళుతున్నారు. ఆయన దగ్గర తొమ్మిది వందల పైచిలుకు పుస్తకాలు, రెండు ట్రంకు పెట్టెల నిండా కేసెట్లు, కొన్ని సీడీలు, ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల వీడియో టేపులు, ఒక వీసీఆర్ ఉన్నాయి. మీరు ఇప్పటికే నాలుగైదు ఓటీటీలకు, పాటల యాప్‌కు, ఫోటోల నిల్వకు, మీ శ్రీమతి డిజైన్ పనికి వాడే సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా కడుతున్నారు. అన్నీ ఫోనులోనే దొరుకుతుంటే ఈ బరువంతా మోసుకుపోవడం దేనికని అడిగారు. వీసీఆర్‌ను పాత సామాన్లవాడికి వేసేయవచ్చా అని చివర్లో ఇంకో ప్రశ్న.

విజయవాడలో డీటీపీ (కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కూర్చడం), ముద్రణ పనిలో నా జీవితం గడిచింది. కొన్నేళ్లుగా పాత పుస్తకాలు స్కాన్ చేయడం, కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం కూడా చేస్తున్నాను. ఇలా ఇల్లు మారేవాళ్లు తరచూ మా దుకాణానికి వస్తుంటారు. వారికి చెప్పేదే మీకూ చెబుతాను.

వస్తువు అలమారలో ఉందా, ఫోనులో ఉందా అని చూడకండి. ప్రతి దాని గురించీ రెండు సంగతులు అడగండి. అమ్మినవాడు రేపు దుకాణం కట్టేస్తే ఇది పనిచేస్తుందా? వేరే కంపెనీ యంత్రంలో తెరుచుకుంటుందా? రెండింటికీ అవునంటే అది మీది. ఒక్కదానికి కాదన్నా మీరు అద్దెకు ఉన్నట్టే, ఒకేసారి డబ్బంతా కట్టి రసీదు తీసుకున్నా సరే.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఫ్లైట్ అనే పేరుతో పాటల దుకాణం తెరిచి, 2013 జూన్‌లో మూసేసింది. అయితే అక్కడ అమ్మినవి, ఏ యంత్రంలోనైనా మోగే, కంపెనీ తాళం లేని ఎంపీ3లు. కొన్న రోజే దించుకుని హార్డ్ డిస్కులో పెట్టుకున్నవాళ్ల పాటలు ఈనాటికీ మోగుతున్నాయి. మైక్రోసాఫ్ట్ ఇ-పుస్తకాల దుకాణం సంగతి వేరు. 2019 ఏప్రిల్‌లో అమ్మకాలు ఆపారు, జూలై నుంచి అప్పటికే కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చారు, కాదనను. కానీ ఎవరైనా మా ఇంటికి వచ్చి అలమారలోని పుస్తకాలు పట్టుకుపోయి, బల్లమీద డబ్బు పెట్టి వెళితే ఊరుకుంటానా? 2009లో అమెజాన్ అలాంటి పనే చేసింది. హక్కులు లేనివాడు అమ్మకానికి పెట్టాడని తెలిసి, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని జనం చేతుల్లోని కిండిల్ అనే ఇ-పుస్తక యంత్రాల్లోంచి రాత్రికి రాత్రి తీసేసింది. వాటిలో ఒకటి '1984'. పౌరుల మీద నిఘా పెట్టి పాత రాతలు చెరిపేసే ప్రభుత్వం గురించిన నవల అది! తరువాత సంస్థ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అదే సంస్థ 2025 ఫిబ్రవరిలో, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని తీగతో ఎక్కించుకునే వీలు ఎత్తేసింది.

కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. డిజిటల్ సరుకును అమ్ముతున్నట్టు చూపించే వ్యాపారి, నిజానికి తాను ఇస్తున్నది వాడుకునే అనుమతి మాత్రమేనని కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలి. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఆ షరతులు చదువుకునే బాధ్యత మనదే.

నెలనెలా కట్టే చందాల్లో ఈ మోసపోయామన్న బాధ ఉండదు, ఎందుకంటే అద్దె అని మొదటే తెలుసు. అక్కడ చిక్కు మరో రకం. 2023 మార్చి 31తో హెచ్‌బీఓ ధారావాహికలన్నీ హాట్‌స్టార్ నుంచి వెళ్లిపోయాయి. ఏడాది మొత్తానికీ ముందే కట్టేసినవారి చందా అలాగే ఉంది, దేనికోసం కట్టారో అవి మాత్రం లేవు. రెసో అనే పాటల యాప్ 2024 జనవరి నెలాఖరుకు మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. పాటలు మరో యాప్‌లో దొరుకుతాయి, నిజమే. ఏళ్లపాటు ఒక్కొక్కటిగా ఏరి కూర్చుకున్న జాబితాలు ఎవరివి వాళ్లే మళ్లీ మొదలుపెట్టుకోవాలి. ధర మాట సరేసరి. అమెజాన్ ప్రైమ్ మన దేశానికి 2016లో వచ్చినప్పుడు ఏడాదికి 499 రూపాయలు. తరువాత 999 అయింది, 2021 డిసెంబరులో 1,499 అయింది. 2025 జూన్ నుంచి సినిమాల మధ్య ప్రకటనలు కూడా వస్తున్నాయి, అవి వద్దనుకుంటే ఏడాదికి మరో 699.

ఇంతవరకూ చదివి, ఈయన కాగితాల పక్షం, చందాలు మానేయమంటాడని అనుకుంటారేమో. ఆగండి. ఇంట్లో పెట్టుకున్నంత మాత్రాన సొంతమైపోదని నాకు నా వృత్తే నేర్పింది.

డీటీపీ రంగంలో ఉన్నవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే కష్టం. ఒక పెద్దాయన తన కథల సంపుటిని మళ్లీ అచ్చు వేయిద్దామని పాత సీడీ పట్టుకుని వచ్చారు. తొంభైల చివర్లో కంపోజ్ చేయించిన పుస్తకం. డబ్బులిచ్చి చేయించుకున్న పని, ఆయన బీరువాలోనే భద్రంగా ఉన్న సీడీ. సీడీ తిరిగింది, ఫైలు కూడా తెరుచుకుంది. పేజీ నిండా రోమన్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు అక్షరం లేదు. కారణం ఏమిటంటే, ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మా డీటీపీ కేంద్రాలకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతకుముందు ప్రతి ఫాంటు కంపెనీ తన సొంత పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తలకట్టునూ కొమ్మునూ ఒత్తులనూ ముక్కలు ముక్కలుగా కూర్చేది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగు కనిపిస్తుంది, లేనిచోట గందరగోళం. ఆ ఫాంటు పనిచేయాలంటే కంప్యూటరు వెనుక ప్రింటరు తీగ పెట్టే చోట డాంగిల్ అనే చిన్న తాళం ముక్క గుచ్చాలి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ రంధ్రమే లేదు. ఆ ఫాంటు అమ్మిన సంస్థ ఎక్కడుందో నేను కనుక్కోలేకపోయాను. మార్పిడి చేసే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ అవి వత్తు దగ్గరా సున్న దగ్గరా తడబడతాయి. చివరికి అచ్చయిన పాత ప్రతి ఒకటి తెప్పించుకుని, దాన్ని చూసి మళ్లీ టైపు చేయించాం. సీడీ చేయలేని పని ఆ కాగితం చేసింది.

చూశారా, నేను పైన చెప్పిన రెండో ప్రశ్న ఎందుకు ముఖ్యమో. తాళం కంపెనీ సర్వరులోనే ఉండనక్కరలేదు, ఫైలు రూపంలోనూ ఉండవచ్చు.

కాబట్టి మీ శ్రీమతి పని గురించి ముందు చెబుతాను, అది ఇంటికి డబ్బు తెచ్చే విషయం కూడా. అడోబీ 2013లో తన డిజైన్ ప్రోగ్రాములను చందా పద్ధతికి మార్చినప్పుడు మా వీధిలో సగం మంది తిట్టుకున్నారు, మిగతా సగం పాత పేజ్‌మేకర్‌తోనే కాలక్షేపం చేశారు. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ వరుసలో చివరిది. ఇంకా దాని మీద పెళ్లిపత్రికలు వేసే దుకాణాలు నాకు తెలుసు. వాళ్లను చూసి నవ్వకండి. ఒకసారి కొన్నారు, నెలకు పైసా కట్టడం లేదు. కానీ కొత్త కంప్యూటర్ కొనాలంటే వాళ్లకు గుండె దడ. పెద్ద ఏజెన్సీలతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పని అయితే చందా కట్టక తప్పదు, దాన్ని కరెంటు బిల్లులా పని ఖర్చులో రాసుకుని గిరాకీదారు దగ్గర రాబట్టాలి. ఒంటరిగా చేసే పని అయితే ఇంక్‌స్కేప్, స్క్రైబస్, గింప్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఒక నెల వాడి చూడమనండి. ఏది వాడినా, పని పూర్తయిన ప్రతిసారీ మూడు విధాలుగా దాచాలి: అసలు ఫైలు, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్, యూనికోడ్‌లో ఉత్త పాఠం. ఆ మూడోది ఎవరూ దాచరు. ఇరవై ఏళ్ల తరువాత అక్కరకు వచ్చేది మాత్రం అదే.

ఇక ట్రంకు పెట్టెలు. ముందు వాటిని తెరవండి, పుస్తకాల పని తరువాత చేసుకోవచ్చు. కాగితం కొన్నేళ్లు ఆగుతుంది, టేపు ఆగదు. అందులోనూ కోస్తా ఉక్కపోతలో పెట్టెలో మూసి ఉంచిన టేపు.

పెట్టె తెరవగానే ముక్క వాసన వస్తే కేసెట్‌ను వెలుతురులో పట్టుకుని చిన్న గాజు కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. ముదురు గోధుమరంగులోనో నల్లగానో, నున్నగా ఉండాలి. అంచున తెల్లని పొడి లాంటిది కనిపిస్తే అది బూజు. ఆ కేసెట్‌ను వేరే సంచిలో వేయండి, మంచి ప్లేయరులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. దాని బూజు ప్లేయరులో టేపును చదివే హెడ్‌కు అంటుకుని తరువాత వేసిన ప్రతి కేసెట్‌కూ పాకుతుంది. ఎండలో పెట్టి ఆరబెట్టే ఆలోచన కూడా వద్దు, వేడికి టేపు వంకర పోతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో కొన్నాళ్లు ఉంచి, మాస్కు కట్టుకుని, ఆరుబయట శుభ్రం చేయాలి, లేదా చేసేవారికి ఇవ్వాలి.

బూజు లేనివాటిలో రెండో జబ్బు చూడండి. కేసెట్ కింది అంచు మధ్యలో, సన్నని రాగి రేకు మీద చిన్న నూలు దిండు లాంటి ముక్క ఉంటుంది. టేపును హెడ్‌కు ఒత్తి పట్టేది అదే. జిగురు ఎండిపోయి అది ఊడిపోతుంది. ఊడితే పాట గోడవతల నుంచి వస్తున్నట్టు ఉంటుంది, టేపే పాడైందనుకుని జనం పారేస్తారు. పాడైంది టేపు కాదు, దాని ప్లాస్టిక్ డొప్ప మాత్రమే. అయిదు మరలతో బిగించిన మరో కేసెట్ డొప్ప తెచ్చి టేపు చుట్టలను అందులోకి మారిస్తే శుభ్రంగా పలుకుతుంది. అతికించిన డొప్ప అయితే కత్తితో జాగ్రత్తగా విప్పాలి.

రికార్డు చేసే ముందు ప్రతి కేసెట్‌నూ ఆ చివరి దాకా ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి ఒకే పొరగా అంటుకున్న చుట్ట వదులవుతుంది. వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున ఎర్ర మీట నొక్కినా చెరిగిపోదు. మార్కెట్లో దొరికే చవక యూఎస్‌బీ ప్లేయర్లు కొనకండి. బెల్టు మార్చి బాగు చేయించిన పాత కేసెట్ డెక్కు ఏదైనా వాటికంటే మేలు. దాని వెనుకనుండే లైన్-అవుట్ (శబ్దం బయటికి ఇచ్చే రంధ్రం) నుంచి కంప్యూటర్‌కు తీగ కలపండి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాముతో రికార్డు చేయండి. శబ్దం మొద్దుబారినట్టు ఉంటే హెడ్ పక్కన ఉండే సన్నని మరను చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ వినండి. 'స', 'ష' అక్షరాలు ఒక్కసారిగా తేటపడే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆపండి. రికార్డు చేసిన ప్రతి కేసెట్‌కూ ఈ సర్దుబాటు వేరుగా ఉండవచ్చు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో దాస్తే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఫ్లాక్ అనే ఫైలు రూపంలోకి మారిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది, నాణ్యత పోదు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. కేసెట్ ఎంత సేపు ఉంటే ఎక్కించడానికీ అంత సేపు పడుతుంది, దగ్గర దారి లేదు. రెండు పెట్టెల్లో మూడు వందలు ఉన్నాయనుకుంటే, ఒక్కొక్కటి గంట చొప్పున 300 గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చున్నా అయిదు నెలలు. అందుకని ఏరాలి, మొహమాటం లేకుండా ఏరాలి. కంపెనీ ముద్ర ఉన్న సినిమా పాటల కేసెట్లు, పేరున్న గాయకుల భక్తిగీతాలు చందా యాప్‌లో ఇంతకంటే తేటగా దొరుకుతాయి. నాన్నగారికి ప్రత్యేకమైన మమకారం ఉన్న నాలుగైదు మినహా అవి వదిలేయండి. చేత్తో రాసిన అట్ట ఉన్న ప్రతి కేసెట్‌నూ మాత్రం వినండి. ఆకాశవాణి విజయవాడ నుంచి ఎవరో పట్టిన నాటకం, ఊళ్లో చెప్పించిన హరికథ, నాయనమ్మ పాడిన మంగళహారతి, గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఉత్తరానికి బదులు గొంతు రికార్డు చేసి పంపిన కేసెట్... వీటికి ప్రపంచంలో రెండో ప్రతి లేదు. పాత ఎంపీ3 డిస్కు, ఇంట్లో రాసుకున్న సీడీ ఉన్నా ఇదే జాబితాలో వేయండి. ఇంట్లో రాసిన సీడీలో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది, ఎండా వేడీ దాన్ని తినేస్తాయి. దుకాణంలో కొన్న సీడీ అంత త్వరగా పోదు.

సొంతానికి ఇలా ప్రతి తీసుకోవడం తప్పేమో అని ఎవరైనా భయపెడితే, మన కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వ్యక్తిగత వాడుకకు న్యాయమైన మేరకు వెసులుబాటు ఇస్తోంది. యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి, అక్కడ ఆ వెసులుబాటు పనిచేయదు.

పుస్తకాల విషయంలో మీ ప్రశ్నలో ఉన్న ఊహే సరికాదు. తెలుగు పుస్తకాలు 'అన్నీ ఫోనులో' దొరకవు. 2016 చివర్లో కిండిల్ భారతీయ భాషలకు తలుపు తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. మన పుస్తకం మామూలుగా 500 లేదా 1,000 ప్రతులు అచ్చవుతుంది, అమ్ముడుపోతే పోయింది, మళ్లీ వేసేవాడు ఉండడు. నేను అచ్చువేసిన వాటిలోనే ఇప్పుడు నా దగ్గర కూడా ప్రతి లేనివి ఎన్నో.

ఉచితంగా దొరికేవి లేవని కాదు. తెలుగువాడైన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్‌లో ఉండి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కాపీరైటు గొడవలతో ఆ సైటే తరువాత మూతపడింది. అప్పటికే దించి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారంలో పెట్టినవాళ్ల పుణ్యమా అని వాటిలో చాలావరకు ఇవాళ చదవగలుగుతున్నాం. ప్రభుత్వం నడిపే గ్రంథాలయమైనా సరే, మీ పుస్తకం పెట్టిన ఒక్క చోటే ఉంటే అది ఉన్నట్టు కాదు.

మన చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. గురజాడ, కందుకూరి, గిడుగు లాంటివారి రచనలు ఎవరైనా స్వేచ్ఛగా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. అవి స్కాన్ రూపంలో దొరికితే సాధారణ ప్రతి ఇచ్చేసినా నష్టం లేదు. ఆ తరువాతి తరానికి అలా కుదరదు. చలం 1979లో పోయారు, శ్రీశ్రీ 1983లో. వారివి మార్కెట్లో ఉన్నాయి కాబట్టి చింత లేదు. మీరు జాగ్రత్తగా చూడవలసినవి పేరున్న రచయితల పుస్తకాలు కావు. ఊరి చరిత్ర మీద ఎవరో మాస్టారు రాసి సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకం, సాహితీ సంఘం వార్షికోత్సవ సంచిక, కళాశాల పత్రిక, కరపత్రాల కట్ట, నాన్నగారు మార్జిన్లలో రాసుకున్న పుస్తకాలు. సన్నగా, అట్ట చిరిగి, పాత సామాన్లవాడి తూకానికి కూడా పనికిరానట్టు ఉండేవే ఇవి. వీటిని ఒక అలమార ఉంచుకోండి. రెండు పడకగదుల ఫ్లాటులో ఒక గోడ ఇచ్చుకోలేనంత ఇరుకు కాదు.

మిగతావి గ్రంథాలయాలకు ఇవ్వవచ్చు, కానీ బస్తాల్లో కట్టి తలుపు దగ్గర దింపి రాకండి. రచయిత, పుస్తకం, ముద్రణ సంవత్సరంతో జాబితా రాసి ముందు అడగండి. మీకు దగ్గరలోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918లో మొదలైన సంస్థ, పాత పత్రికల నిధి. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. వారికి లేనివి మాత్రమే వారికి కావాలి. అన్నట్టు, మీరు జాబితాలో వేసుకోవడం మరచిన చందా ఒకటుంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను రెండు రాష్ట్రాల్లోనూ ఎప్పటినుంచో కడుతున్నాం. కట్టి వాడుకోని చందాల్లో అది అన్నిటికంటే పాతది. హైదరాబాదు వెళ్లాక నాన్నగారికి దగ్గరి శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. సాయంత్రం పేపరు చదువుకునే తోడు కూడా దొరుకుతుంది.

ఓటీటీల మీద నాకు పెద్ద పట్టింపు లేదు. ఒకసారి చూసి మరచిపోయే సినిమాను అద్దెకు చూడటమే న్యాయం. వీసీడీలు కొని బీరువా నింపినవాళ్లను చూశాను, ఇప్పుడు వాటిని ఉచితంగా ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. అయితే అయిదూ ఒకేసారి ఎందుకు? ఒక నెల ఒకటి, మరో నెల ఇంకొకటి తీసుకోండి. సంక్రాంతి సినిమాలు ఎటూ కొన్ని వారాలకు ఏదో ఒక యాప్‌లో పడతాయి. ఏడాది చందా చవకగా కనిపిస్తుంది, పన్నెండు నెలలూ చూసేవాడికి మాత్రమే అది చవక. ఫోనులోంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, ఏవేవి నడుస్తున్నాయో ఇవాళే చూడండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి ఇలా డబ్బు తీసుకునే ముందు 24 గంటల ముందుగా మీకు కబురు రావాలి. 15,000 రూపాయల లోపు అయితే ఓటీపీ అడగకుండానే పోతుంది. ఆ కబురు సందేశాల గుంపులో కొట్టుకుపోతుంది, వచ్చిన రోజే చదివే అలవాటు చేసుకోండి.

సామాన్ల విషయం ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఇళ్లు మారే కుర్రవాళ్లు మంచాలు, ఫ్రిజ్ అద్దెకు తీసుకోవడం తెలివైన పనే. సొంత ఫ్లాటులో స్థిరపడే మీకు అది దండగ. కొన్న వస్తువులోని సౌకర్యానికే మళ్లీ నెలసరి అడిగితే మాత్రం లొంగకండి. బీఎండబ్ల్యూ 2022లో దక్షిణ కొరియాతో సహా కొన్ని దేశాల్లో, కారులో అప్పటికే బిగించి ఉన్న సీటు వెచ్చదనానికి నెలవారీ చందా పెట్టింది. జనం మండిపడ్డారు, మరుసటి ఏడాది విరమించుకుంది.

ఫోటోల నిల్వకు కడుతున్నది ఆపమనను. దాన్ని ఏకైక చోటుగా మాత్రం ఉంచవద్దు. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, 2023 డిసెంబరు నుంచి ఆ నియమం అమల్లో ఉంది. నాన్నగారి ఖాతాలో ఫోటోలు ఉంటే ఆయన చేతే, ఖాతా వాడకం ఆగిపోతే ఎవరికి అందాలో ఆ సెట్టింగులో మీ పేరు పెట్టించండి. రెండు వేర్వేరు కంపెనీల హార్డ్ డిస్కులు కొని ఫోటోలు, ఎక్కించిన కేసెట్లు, స్కాన్లు రెండింటిలోనూ వేయండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి మీ అక్కయ్యగారింట్లోనో మరో ఊళ్లోనో. ఏడాదికొకసారి రెండూ తగిలించి తెరిచి చూడండి, అయిదారేళ్లకు కొత్తవాటికి మార్చండి. పండగకు వెళ్లినప్పుడు డిస్కులు అటుదిటు మార్చుకుంటే వేరే శ్రమ ఉండదు.

ఇక వీసీఆర్. ఇప్పుడే ఇవ్వకండి. ప్రపంచంలో వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన చివరి పెద్ద సంస్థ, జపానుకు చెందిన ఫునాయి, 2016 జూలైలో తయారీ ఆపేసింది. పనిచేసే యంత్రం దొరకడమే ఇప్పుడు కష్టం. ముందు పనికిరాని సినిమా టేపు ఒకటి పెట్టి చూడండి. నమిలేస్తే రబ్బరు చక్రాలు మార్చాలి, బొమ్మలో అడ్డంగా మంచు చారలు వస్తే హెడ్ తుడిపించాలి. బాగా నడుస్తుందని తేలాకే పెళ్లి టేపులు పెట్టండి. దాన్ని గుంటూరు నుంచి లారీలో సామాన్ల మధ్య వేయకుండా కారులో మీ వెంట తీసుకువెళ్లండి. ఆఖరి టేపు ఎక్కించి రెండు డిస్కుల్లోనూ సరిచూసుకున్నాక, పాత సామాన్లవాడికి కాదు, నాలాంటి పని చేసేవాడికెవరికైనా అమ్మండి. మంచి ధరే ఇస్తారు.